ఐదు సెంట్ల పెరట్లో కూరగాయలు, కోళ్ళు: చీపురుపల్లి దగ్గరి మా అనుభవం

ఇంటి వెనుక ఐదు సెంట్ల ఖాళీ స్థలం ఉందని, నలుగురున్న కుటుంబానికి అందులో కూరగాయలు, నాలుగైదు నాటుకోళ్ళు కలిపి పెంచితే సరిపోతాయా అని, అసలు కోళ్ళు మొక్కలను బతకనిస్తాయా అని మీరు అడిగారు. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లికి దగ్గరలోని పల్లె. 2013 నుంచి ఇంచుమించు అంతే స్థలంలో రెండూ పెంచుతున్నాము. మా అనుభవంలో గుడ్లు ఇంటికి సరిపోతాయి, కూరగాయలు ఏడాదిలో ఏడెనిమిది నెలలు సరిపోతాయి. అయితే కోళ్ళనూ మొక్కలనూ ఒకే చోట వదిలితే మాత్రం రెండూ దక్కవు.

మొదటి ఏడాది మేము దడి కట్టకుండానే కోళ్ళను తెచ్చాము. వంగ, టమాటా నారు పోసిన మడిలో మొలకలు రెండాకులు వేసిన సమయంలో, ఒక పిల్లలకోడి తన తొమ్మిది పిల్లలను వెంటబెట్టుకొని ఉదయమే అందులోకి దిగింది. కాళ్ళతో వెనక్కి చిమ్మడం, కొక్‌ కొక్‌మని పిల్లలను పిలవడం, అవి వచ్చి పురుగులను ఏరుకోవడం, మళ్ళీ చిమ్మడం. నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసేసరికి మడిలో మట్టి గుంటలే తప్ప ఒక్క మొక్క కూడా లేదు. "దడి కట్టి కోడిని తెచ్చుకోవాలి గానీ, కోడిని తెచ్చాక దడి వెతుక్కుంటారా అమ్మా" అని మా అత్తగారు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తరువాత స్థలంలో నాలుగో వంతు కోళ్ళకు వదిలి, మిగిలిన భాగం చుట్టూ వెదురు బద్దలతో దడి కట్టి, దానిపైన పాత చేపల వలను కట్టాము. నాటుకోడి బాగా ఎగరగలదు కాబట్టి ఐదడుగులకు తక్కువ ఎత్తున్న దడి పనికిరాదు. అప్పటికీ దాటేవాటికి ఒక వైపు రెక్క ఈకల కొసలను మాత్రమే కత్తిరిస్తే చాలు. కాపు అయిపోయి ఖాళీ అయిన మడిలోకి మాత్రం పది రోజులపాటు కోళ్ళను మేమే తోలుతాము. అవి నేలలోని పురుగులను, కలుపు గింజలను ఏరి తినడంతో పాటు మట్టిని కూడా గుల్ల చేస్తాయి.

కోడిపెంట విషయంలోనూ ఒకసారి నష్టపోయాము. గూటిలోంచి తీసిన పచ్చి పెంటను నేరుగా మిరప మొదళ్ళలో వేస్తే వారం తిరిగేలోగా ఆకుల అంచులు మాడిపోయాయి. పశువుల గత్తం (పేడ ఎరువు) కంటే కోడిపెంటలో నత్రజని చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానిని మాగబెట్టకుండా వేయకూడదు. ఇప్పుడు గూటి నేల మీద ధాన్యపు ఊక పరిచి, తడిసిన ఊకను పెంటతో సహా తీసి, ఎండుటాకులతో కలిపి గోతిలో వేసి, నాలుగు నెలల తరువాతనే మొక్కలకు వాడుతున్నాము. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరల మీద పచ్చి పెంట అసలే పడకూడదు, ఎందుకంటే అందులోని సూక్ష్మజీవులు ఆకుల ద్వారా మన కడుపులోకి చేరతాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పవలసినది కోళ్ళను చంపే అంటువ్యాధి కొక్కెర తెగులు గురించి. ఒక ఏడాది శివరాత్రి దాటిన తరువాత మా పెట్టలలో ఒకటి మేత మానేసి, రెక్కలు వేలాడేసి మూలన కూర్చుంది. మరునాటికి ఆకుపచ్చ విరేచనాలు మొదలయ్యాయి. ఆ మరునాడు మెడ మెలికపడి, తల వెనక్కి వాలిపోయింది. ఐదు రోజుల్లో పద్నాలుగు కోళ్ళలో పన్నెండు పోయాయి. మా అమ్మాయి పేర్లు పెట్టి పెంచుకున్న కోళ్ళవి. ఈ తెగులు పట్టుకున్న తరువాత మందు లేదు, రాకుండా వేసే టీకా మాత్రమే ఉంది. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కను కంటిలో గానీ ముక్కులో గానీ వేయిస్తారు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకాను రెక్క కింద చర్మంలోకి ఇప్పిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆర్‌టూబీ సీసా సాధారణంగా నూరు కోళ్ళకు సరిపడేదిగా వస్తుంది, దానిని మంచులోనే తేవాలి, ఒకసారి కలిపిన తరువాత గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఐదు కోళ్ళున్న ఇంటివారు ఒక్కరే తెచ్చుకుంటే మిగిలినదంతా పారబోయవలసిందే. అందువల్ల మా వీధిలో పదకొండు ఇళ్ళవారం కూడబలుక్కొని, ఏటా సంక్రాంతి వెళ్ళగానే ఒకే రోజు తెల్లవారుజామున, కోళ్ళను గూళ్ళలోంచి వదలకముందే అన్నిటికీ వేయిస్తున్నాము. ఆ తరువాత ఈ తెగులు మా వీధికి రాలేదు. మీరు కూడా కోళ్ళను కొనకముందే పొరుగువారితో ఈ మాట అనుకోండి. మీ ఊరి పశువైద్యశాలలో టీకా ఎప్పుడు దొరుకుతుందో కనుక్కోండి. మా ప్రాంతంవారైతే గరివిడిలోని పశువైద్య కళాశాలలో సలహా అడగవచ్చు. టీకాను ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకే వేయించాలి, దానికి కొద్ది రోజుల ముందే నట్టల మందు తాగించడం మంచిది.

జాతి విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ అవి సరిగా పొదగవు. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లే పెట్టినా, తానే ఇరవై ఒక్క రోజులు పొదిగి, గద్ద నీడ పడితే పిల్లలను రెక్కల కిందికి పిలుచుకుంటుంది. మా ఇంట్లో మూడు గ్రామప్రియ పెట్టలు, మూడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. తినడానికి గ్రామప్రియ గుడ్లు, పొదిగించడానికి నాటుకోడి గుడ్లు. మేతగా నూకలు, తవుడు, చోళ్ళు (రాగులు), వంటింటి తొక్కలు వేస్తాము. ఉప్పు ఎక్కువగా ఉన్న కూర మిగిలినా, ఊరగాయ మిగిలినా వేయము, ఉప్పు కోళ్ళకు విషంతో సమానం. పెంకు పలచబడకుండా గుడ్డు పెంకులను ఎండబెట్టి, పొడి చేసి తవుడులో కలుపుతాము. గూడు రెండడుగుల ఎత్తున ఉండి, సన్న కన్నాల జాలీ ఉంటే ముంగిస, బావురుపిల్లి లోపలికి రాలేవు.

కూరగాయల ప్రణాళికను మన జిల్లాలలో తుఫానును దృష్టిలో పెట్టుకొని వేసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నిండుగా కాపు మీదున్న మా ఆనప (సొర) పందిరి, బీర పందిరి ఒక్క పగటిలో నేలమట్టమయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లే కూలిపోయాయి, ఇక పందిళ్ళ సంగతి చెప్పనవసరం లేదు. ఆ అనుభవంతో ఇప్పుడు ఆనప, బీర, పొట్ల గింజలను జూన్‌లో మొదటి వానకే పెట్టి దసరాలోగా కాపు తీసుకుంటున్నాము. టమాటా, ముల్లంగి, కొత్తిమీర తుఫాను రోజులు గడిచాకనే వేస్తున్నాము. దడి వెంబడి కంద, చేమ తప్పకుండా వేయండి. పైన ఆకు చిరిగిపోయినా దుంప నేలలో భద్రంగా ఉంటుంది, రోడ్లు మూసుకుపోయి కూరగాయల బండి రాని రోజులలో మమ్మల్ని ఆదుకున్నవి అవే.

వంగలో కొమ్మ కొసలు వాడి వంగిపోయాయంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. వాడిన చోటుకు అంగుళం కిందకు తుంచి చీల్చి చూస్తే లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. ఆ కొసలన్నీ ఒక చేటలో ఏరి కోళ్ళ ముందు పోయడం మా అమ్మాయి రోజువారీ పని. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే మందు కొట్టే అవసరం చాలా వరకు తప్పుతుంది. ఒకవేళ రసాయన మందు కొడితే మాత్రం ఆ కొసలను, పురుగులను కోళ్ళకు వేయకూడదు. బెండలో ఈనెలు పసుపుబారితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి ఆ మొక్కను ఆలోచించకుండా పీకి కాల్చేయండి.

ఖర్చు మాట. మొదటి ఏడాది దడికి, గూటికి పెట్టినది తిరిగి రాదు. రెండో ఏడాది నుంచి మాకు కూరగాయల ఖర్చు సగానికి తగ్గింది. గుడ్ల మీద డబ్బు పెద్దగా మిగలలేదు గానీ, పిల్లలకు రోజూ గుడ్డు పెట్టడానికి వెనుకాడవలసిన పరిస్థితి పోయింది.

సంతలో కోళ్ళను కొన్నప్పుడు తెచ్చిన రోజే పాతవాటిలో కలపకండి. రెండు వారాలు వేరే చోట గంప కింద ఉంచి, మేత తింటున్నాయా, రెట్ట గట్టిగా ఉందా, ముక్కు పొడిగా ఉందా అని రోజూ చూడండి. వాటి మేత గిన్నెను, నీళ్ళ గిన్నెను కూడా వేరుగానే ఉంచండి.