గాజురాళ్ల కిరీటం

ప్రశ్న: 1347లో ఆరో జాన్ కాంటకుజీనోస్ కాన్‌స్టాంటినోపుల్‌లో బైజాంటైన్ చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్నప్పుడు, కిరీటంలో రత్నాల బదులు గాజు ముక్కలున్నాయని చదివాను. నిజమేనా? మరి అసలు రత్నాలేమయ్యాయి?

జవాబు: నిజమేనండీ. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను కానీ, ఈ ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు. మీరు అడిగారు కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

ఆ రోజుల్లోనే బతికిన గ్రెగోరాస్ అనే పండితుడు ఈ సంగతి రాసిపెట్టాడు. కిరీటాలు, పట్టుబట్టలు దూరం నుంచి ధగధగలాడాయట. దగ్గరికి వెళ్లి చూస్తే బంగారం అనుకున్నది పూత పూసిన తోలు, రత్నాలనుకున్నవి రంగు రంగుల గాజు. విందులో బంగారు, వెండి పళ్లేల మాట దేవుడెరుగు, వడ్డించింది తగరం గిన్నెల్లో, మట్టి పాత్రల్లో. పట్టాభిషేకానికి నగరంలోని పెద్ద చర్చి హాగియా సోఫియా కూడా దక్కలేదు. సరిగ్గా ఏడాది కిందట, 1346 మే నెలలో, దాని గుమ్మటంలో తూర్పు వైపు కూలిపోయింది. బాగు చేయించడానికి ఖజానాలో డబ్బు లేదు. అందుకని బ్లాకెర్నే చర్చిలో కానిచ్చారు.

అసలు రత్నాలు అప్పటికే వెనిస్‌లో ఉన్నాయి, తాకట్టులో. 1343లో, పసి చక్రవర్తి ఐదో జాన్ తల్లి అయిన రాజమాత ఆన్నా వాటిని 30,000 డకాట్లకు (వెనిస్ బంగారు నాణేలు) కుదువబెట్టింది. ఆ డబ్బు ఎవరి మీద యుద్ధానికనుకున్నారు? ఈ కాంటకుజీనోస్ మీదికే. ఇతను కిరీటం పెట్టుకోకుండా ఆపడానికి ఆ కిరీటంలోని రాళ్లనే తాకట్టు పెట్టారన్నమాట. అసలూ వడ్డీ కట్టి వాటిని విడిపించుకోవడం ఆ తర్వాత ఏ చక్రవర్తి వల్లా కాలేదు.

ప్రశ్న: అంతకు ముందు మూడో ఆండ్రోనికోస్ చక్రవర్తి, ఆయనకు ఐదో జాన్ అనే కొడుకున్నాడు. తండ్రి పోతే కొడుకే కదా రాజు? మధ్యలో ఈ కాంటకుజీనోస్ ఎవరు? అతనిది శుద్ధ దురాక్రమణ కాదంటారా?

జవాబు: 'కొడుకే రాజు' అన్న రూలు వాళ్ల చట్టంలో ఎక్కడా రాసిలేదండీ. బైజాంటైన్లు తమను తాము రోమన్లమనుకునేవాళ్లు. సైన్యం, సెనేట్, నగర ప్రజలు జేజేలు కొట్టాలి, పేట్రియార్క్, అంటే ప్రధాన మతగురువు, కిరీటం పెట్టాలి. అప్పుడే చక్రవర్తి. అందుకే తెలివైన తండ్రులు తాము బతికుండగానే కొడుకును సహ చక్రవర్తిని చేసి కిరీటం పెట్టించేసేవారు. మూడో ఆండ్రోనికోస్ ఆ పని చేయలేదు. 1341 జూన్ 15న, 44 ఏళ్లకే పోయాడు. కొడుకు ఐదో జాన్‌కు ఇంకో మూడు రోజులైతే తొమ్మిదేళ్లు నిండుతాయి. నన్నడిగితే తర్వాత జరిగిన రచ్చంతా ఈ ఒక్క అశ్రద్ధలోనే ఉంది.

పసివాడి పేరు మీద రాజ్యం ఎవరు నడపాలి? కాంటకుజీనోస్ సైన్యాధిపతి, పోయిన రాజుకు ప్రాణ స్నేహితుడు. తనను సహ చక్రవర్తిని చేస్తానని రాజు చాలాసార్లు అడిగినా వద్దన్నానని తనే రాసుకున్నాడు. నేను కాకపోతే ఎవరు అనే ధీమా. పేట్రియార్క్ జాన్ కలెకాస్ నాకే హక్కుందన్నాడు. తల్లి ఆన్నా ఇటలీలోని సవోయ్ ఆడబడుచు. ఆమె భయం ఆమెది. అపోకాఫ్కోస్ అనే నౌకాదళాధికారి కాంటకుజీనోస్ చేయిపట్టి పైకి తెచ్చిన మనిషే. ఆమె చెవిలో విషం పోసింది అతనే.

ఆమె భయం ఉత్తదని కొట్టిపారేయకండి. 1258లో, అప్పటి రాజధాని నికేయాలో ఇలాగే నాలుగో జాన్ అనే పిల్లవాడికి తండ్రి పోయాడు. సంరక్షకుడిగా వచ్చిన సేనాపతి తనూ చక్రవర్తి అయ్యాడు. 1261లో సరిగ్గా క్రిస్మస్ రోజున ఆ పిల్లవాడి కళ్లు తీయించాడు. వాడికి ఆ రోజే పదకొండేళ్లు నిండాయి. ఆ సేనాపతి పేరు మైకేల్ పాలియొలోగోస్. మన ఐదో జాన్ అతని వంశంవాడే. ఆ ఇంట్లో 'సంరక్షకుడు' అనే మాట వింటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

1341 సెప్టెంబరులో కాంటకుజీనోస్ సైన్యంతో నగరానికి పడమరనున్న త్రేస్ ప్రాంతానికి వెళ్లాడో లేదో, నగరంలో అతని ఇల్లు దోచేశారు. ముసలి తల్లిని నిర్బంధంలో పెట్టారు. ఆ చలికాలంలోనే ఆమె అక్కడే పోయింది. అక్టోబర్ 26న త్రేస్‌లోని డిడిమోటికో పట్టణంలో అతను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. ఇక్కడ రెండు చిన్న సంగతులు చెప్పాలి. పట్టాభిషేకం కోసం కుట్టించిన బట్టల్లో లోపలిది బిగుతైంది, పైది వదులైంది. కొలతలు తీసుకుని కుట్టినా అంతే! రెండోది, జేజేలు కొట్టిన వరుస. ముందు ఆన్నా పేరు, ఐదో జాన్ పేరు, ఆ తర్వాతే తన పేరు, తన భార్య ఐరీన్ పేరు. అంటే ఆ పిల్లవాడు చక్రవర్తి కాదని అతను ఒక్కసారీ అనలేదు. నేనూ చక్రవర్తినే, నేను పెద్దవాణ్ని అన్నాడు. దీన్ని దురాక్రమణ అనాలో, చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అనాలో మీరే చెప్పండి. నాకైతే రెండోదే సగానికి పైగా నిజమనిపిస్తుంది. ఇక ఐదో జాన్‌కు నగరంలో కిరీటం పెట్టింది నవంబర్ 19న, అంటే ఈ కబురు విన్న తర్వాతే!

అలాగని కాంటకుజీనోస్‌ను చూసి మరీ జాలిపడకండి. ఆ యుద్ధంలో తను పోగొట్టుకున్న పశువుల లెక్క తన చరిత్ర గ్రంథంలో వేసుకున్నాడు: 5,000 పశువులు, వెయ్యి జతల ఎద్దులు, 2,500 గుర్రాలు, 200 ఒంటెలు, 50,000 పందులు, 70,000 గొర్రెలు. సన్యాసం పుచ్చుకున్నాక రాసిన పుస్తకం అది! అన్నీ వదిలేసినవాడు గొర్రెల్ని మాత్రం వదల్లేదు. ఒక్క మనిషికి ఇంత ఉన్న దేశంలో, అతను ప్రకటించుకున్న మర్నాడే ఏడ్రియనోపుల్‌లో కూలినాలి జనం తిరగబడి పెద్దింటివాళ్ల ఇళ్ల మీద పడ్డారంటే ఆశ్చర్యమేముంది? 1342లో థెస్సలొనికా కూడా తిరగబడింది. అక్కడ జీలట్లనే తిరుగుబాటుదారులు 1350 దాకా నగరాన్ని చేతుల్లో పెట్టుకున్నారు. అన్నదమ్ముల తగాదాలా మొదలైంది కాస్తా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య పోరైంది.

అపోకాఫ్కోస్ కథ 1345 జూన్ 11న ముగిసింది. శత్రువుల్ని పెట్టడానికి కొత్త జైలు కట్టిస్తూ, అంగరక్షకుల్ని బయటే వదిలి పని చూడటానికి లోపలికెళ్లాడు. ఖైదీలే మీదపడి చంపి, తల నరికి గోడకు వేలాడదీశారు.

1347 ఫిబ్రవరి 2న ఆన్నా తనకు పడని పేట్రియార్క్‌ను సభ పెట్టించి పదవి నుంచి దింపేసి, ఆ రాత్రి సంతోషంగా విందు చేసుకుంది. అదే రాత్రి లోపలివాళ్ల సాయంతో, మూసేసిన బంగారు ద్వారం పక్కన కన్నం చేసుకుని కాంటకుజీనోస్ మనుషులు నగరంలోకి దూరారు. వారంలోపే రాజీ కుదిరింది: ఇద్దరూ చక్రవర్తులే, పదేళ్లు మాత్రం పెద్దాయనదే మాట. పైగా అతని కూతురు హెలెనాను ఐదో జాన్‌కు ఇచ్చి పెళ్లి. గాజు కిరీటాల వేడుక ఈ సంబరమే. మట్టి గిన్నెల ముందు ఇద్దరు చక్రవర్తులు, ముగ్గురు మహారాణులు కూర్చున్నారు.

ప్రశ్న: తురకలను యూరప్‌లోకి తెచ్చింది కాంటకుజీనోసేనా?

జవాబు: ఒక్కడే కాదు. వాళ్ల సైన్యం కోసం ఇరుపక్షాలూ చేయి చాచాయి. కానీ ఇతను ఇంకో అడుగు వేశాడు. 1346లో కూతురు థియోడోరాను ఒట్టోమన్ సుల్తాన్ ఓర్హాన్‌కిచ్చాడు. సెలింబ్రియాలో చెక్క వేదిక కట్టి, పట్టు తెరల వెనక పిల్లను నిలబెట్టి, ఒక్కసారిగా తెరలు తీసి అందరికీ చూపించారు. పెళ్లికొడుకు మాత్రం రాలేదు, మనుషుల్ని పంపాడు. ఆమె తన మతం మార్చుకోలేదు. 1354లో భూకంపంతో యూరప్ ఒడ్డునున్న గల్లిపోలి గోడలు పడిపోగానే ఓర్హాన్ కొడుకు సులేమాన్ ఆ ఊరు ఆక్రమించాడు. ఓర్హాన్ మామగారు కాంటకుజీనోస్ డబ్బిస్తానన్నా, దేవుడే ఇచ్చాడంటూ వదల్లేదు. ఆ ఏడాది చివరికే కాంటకుజీనోస్ కిరీటం దింపి, జోవాసాఫ్ అన్న పేరుతో సన్యాసి అయ్యాడు.

ప్రశ్న: చివరికి ఆ చిన్న జాన్ ఏమయ్యాడు?

జవాబు: 1391 దాకా ఉన్నాడు, పడుతూ లేస్తూ. 1376లో సొంత కొడుకు నాలుగో ఆండ్రోనికోస్ అతన్ని దింపి, ఆనెమాస్ బురుజులో బంధించాడు. మూడేళ్లకు తప్పించుకుని నగరం మళ్లీ దక్కించుకుంటే, ఆ కొడుకు పారిపోతూ అవతలి ఒడ్డున జెనోవావాళ్ల గలాటాలో దూరాడు. ఒట్టి చేతులతో వెళ్లలేదు. తల్లి హెలెనానూ, ఎనభై దాటిన తాతగారినీ బందీలుగా వెంట లాక్కుపోయాడు. ఆ తాత మన కాంటకుజీనోసే. విడుదల కావడానికి 1381 దాకా పట్టింది.