11, 15, 28 శాతం: ప్రభుత్వ ఖర్చు ఇందులో ఏది?

ప్రశ్న: మాది చీపురుపల్లి. విజయనగరంలో బీఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీడీపీలో ప్రభుత్వ ఖర్చు ఎంత అంటే ఒక పుస్తకంలో 11 శాతం, ఇంకోదాంట్లో 15, మరోదాంట్లో 28 అని ఉంది. ఏది రాయాలి? ఈ లెక్కల మీద ఆసక్తి ఉంటే ఏ ఉద్యోగాలకు వెళ్లొచ్చు?

జవాబు: మూడూ సరైనవే. 15కు కాస్త అటూ ఇటూగా ఉండేది ఒక్క కేంద్రం ఖర్చు. 28 దరిదాపుల్లో ఉండేది కేంద్రం, రాష్ట్రాలు కలిపి. 10, 11 అని కనిపించేది ప్రభుత్వ తుది వినియోగ వ్యయం, అంటే ప్రజలకు సేవలందించడానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు. తికమకంతా ఈ మూడోదాంతోనే.

మీ ఊరి హైస్కూలు టీచరు జీతం అందులోకి వస్తుంది. అదే వీధిలో అవ్వకిచ్చే 4,000 రూపాయల పింఛను రాదు. ఆ డబ్బుతో ప్రభుత్వం ఏ సేవనూ కొనలేదు కదా. అవ్వ దాంతో బియ్యమో మందులో కొన్నప్పుడు అది ప్రైవేటు వినియోగం కింద జీడీపీలో చేరుతుంది. అప్పులపై కట్టే వడ్డీదీ ఇదే దారి, అదీ రాదు. రోడ్డు వేస్తే పెట్టుబడి పద్దుకు పోతుంది. బడ్జెట్ మొత్తంలో మాత్రం ఇవన్నీ ఉంటాయి. అందుకని 28 శాతం అన్నంత మాత్రాన ‘జీడీపీలో 28 శాతం ప్రభుత్వమే తయారు చేస్తోంది’ అని రాయకండి. అది పోల్చి చూసుకోవడానికి వాడే నిష్పత్తి మాత్రమే.

ఇక మీరే ఓసారి లెక్క కట్టండి. 2024-25కు కేంద్రం ఖర్చు సవరించిన అంచనా 47.16 లక్షల కోట్లు. 2025 జనవరిలో వచ్చిన మొదటి ముందస్తు అంచనా ప్రకారం ఆ ఏటి జీడీపీ ప్రస్తుత ధరల్లో, అంటే ఆ ఏటి ధరల్లోనే, 324.11 లక్షల కోట్లు. భాగిస్తే దాదాపు 14.6 శాతం. పొరపాటున స్థిర ధరల జీడీపీ (ధరల పెరుగుదలను తీసేసి కట్టేది), అంటే 184.88 లక్షల కోట్లు, హారంలో పెట్టారనుకోండి, 25.5 వస్తుంది. కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి శాతానికి దగ్గరగా కనబడుతుంది కాబట్టి దిద్దేవారికీ అనుమానం రాదు. ఖర్చు ఎప్పుడూ ఆ ఏటి రూపాయల్లోనే ఉంటుంది, హారం కూడా అలాగే ఉండాలి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు... వీటిలో ఏది తీసుకున్నారో పక్కనే రాసుకోండి.

శాతం పెరిగిందంటే కారణం ఖర్చు ఒక్కటే కాదు. 2019-20లో 26.86 లక్షల కోట్లున్న కేంద్రం ఖర్చు 2020-21లో 35.10 లక్షల కోట్లకు చేరింది. కోవిడ్‌తో అదే ఏడు జీడీపీ తగ్గింది. శాతం 13.4 నుంచి 17.7కు ఎగబాకింది. పైగా అంతకుముందు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) చేత అప్పు చేయించి బడ్జెట్ బయట ఉంచిన ఆహార సబ్సిడీ బకాయి ఆ ఏడే పద్దులోకి ఎక్కింది.

కేంద్రాన్నీ రాష్ట్రాలనూ కలిపేటప్పుడు రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే గ్రాంట్లు, రుణాలు ఒకసారి తీసేయాలి, లేకుంటే రెండుసార్లు పడతాయి. రాష్ట్ర బడ్జెట్ మొత్తంలో పాత అప్పుల అసలు చెల్లింపు కలిసి ఉంటుంది, కేంద్రం చూపే మొత్తంలో ఉండదు. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు అన్నారు గానీ, రెవెన్యూ వ్యయం (జీతాలు, పింఛన్లు, వడ్డీల వంటి రోజువారీ ఖర్చు) 2.51 లక్షల కోట్లు, మూలధన వ్యయం (రోడ్ల వంటి ఆస్తులపై ఖర్చు) 40 వేల కోట్ల పైచిలుకు. రెండూ కలిపినా 3.22 రాదు. భోగాపురం విమానాశ్రయానికి ప్రైవేటు సంస్థ పెట్టే డబ్బు ఇందులో ఎక్కడా ఉండదు, అది ప్రైవేటు పెట్టుబడి.

ఉద్యోగాల విషయానికొస్తే, ఈ పనికి నేరుగా సరిపోయేది ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. యూపీఎస్సీ పరీక్ష, ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి, వయసు 21 నుంచి 30 (రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది). పోస్టులు తక్కువ, దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పీజీకి ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీ, సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అందుబాటులో ఉంటాయి. ఏ డిగ్రీతోనైనా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష రాసి, ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ కింద ఆడిటర్‌గా చేరొచ్చు, ప్రభుత్వ పద్దులు లోపలి నుంచి చూసే చోటు అదే.

ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కైతే డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ ఉండాలి. సీజీఎల్‌లోని జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌కు ఇంటర్ గణితంలో 60 శాతమైనా, డిగ్రీలో స్టాటిస్టిక్స్ అయినా కావాలి. మీరు ఇంటర్‌లో హెచ్‌ఈసీయో సీఈసీయో చేసి ఉంటే మొదటి దారి మూసుకుపోయినట్టే. మీ కాలేజీలో స్టాటిస్టిక్స్ మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) తీసుకునే వీలుందేమో ఈ సెమిస్టర్‌లోనే ప్రిన్సిపాల్‌ను అడగండి.