వెనిస్ దారిలో పాత కార్ల మ్యూజియం

ప్రశ్న: సాల్జ్‌బర్గ్ నుంచి వెనిస్‌కు కారులో వెళ్తున్నాం. పాత కార్లంటే మా నాన్నగారికి ప్రాణం. దారిలో చూడదగిన చిన్న మ్యూజియం ఏదైనా ఉందా?

జవాబు: తప్పకుండా గ్ముండ్‌లో ఆగండి. ఆస్ట్రియాలోని కరింథియాలో, టౌఎర్న్ రహదారికి చేరువలో ఉన్న ఈ చిన్న ఊళ్లోనే, యుద్ధం కారణంగా స్టుట్‌గార్ట్ నుంచి తరలివచ్చిన పోర్షే సంస్థ 1948లో తన పేరుతో తొలి 356 కారును తయారుచేసింది. 1982లో తెరిచిన ఇక్కడి ప్రైవేటు మ్యూజియంలో మీ నాన్నగారికి ముందుగా చూపవలసింది కార్లను కాదు, కొయ్య అచ్చును. అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి, ఆ కొయ్య అచ్చుమీద సరిచూసుకుంటూ, ఒక్కొక్క కారు బాడీని చేత్తోనే మలిచారు. ఆ కొయ్య వంపుల ముందు నిలబడితే పనివాళ్ల ఓపిక కళ్లకు కడుతుంది. నా దృష్టిలో చిన్న మ్యూజియాల విలువంతా ఈ దగ్గరితనంలోనే ఉంది. తెరిచి ఉంచే వేళలు మాత్రం ముందే కనుక్కుని బయలుదేరండి.