కొత్త విభాగం చేపడుతున్న మేనల్లుడికి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రసంగం చదివాను. బాగా రాశావు. అయినా సోమవారం దాన్ని చదవకు, రెండు నెలలు సొరుగులో ఉంచు. ఆ తరవాత తీసి చూస్తే సగం నువ్వే కొట్టేస్తావు. ఎందుకంటే ఇప్పుడు అందులో ఉన్నది నీ ఒక్కడి కల.

‘పరివర్తన నాయకత్వం’ అన్న మాట అందులో ఆరుసార్లు వచ్చింది. ఆ ఆలోచన నాకూ ఇష్టమైనదే. 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే అమెరికా చరిత్రకారుడు నాయకులను రెండు రకాలుగా చూశాడు. పనికి ప్రతిఫలం అంటూ ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఒక రకం. తమ వెంట నడిచేవాళ్లను పై మెట్టుకు ఎక్కిస్తూ, వాళ్లవల్ల తామూ ఎక్కేవాళ్లు మరో రకం. ఆ ‘తామూ’ అన్నదాన్నే చాలామంది మరిచిపోతారు. నీ ప్రసంగంలోనూ మారాల్సినవాళ్లంతా నీ కింద పనిచేసేవాళ్లే, నువ్వు ఎక్కడా లేవు.

1985లో బెర్నార్డ్ బాస్ అనే నాయకత్వ పరిశోధకుడు ఈ ఆలోచనను సంస్థలకు అన్వయించాడు. ఇచ్చిపుచ్చుకోవడాన్ని తీసేయమని ఆయన చెప్పలేదు, దాని మీదే రెండోది కట్టుకోవాలన్నాడు. కాబట్టి ఎవరి పని ఏమిటో తేల్చు. సెలవు అడిగినవాళ్లకు అదే రోజు జవాబివ్వు. ఇవి చిన్న పనులని వదిలేసి పెద్ద కలల గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. నీ విభాగంలో మొదట మారాల్సింది చెడ్డ కబురు నీ దాకా వచ్చే దారి.

నాకు తొలిసారి ఒక శాఖ అప్పగించినప్పుడు, మొదటి సమావేశంలోనే ‘నా దగ్గరికి సమస్యలు కాదు, పరిష్కారాలు తీసుకురండి’ అన్నాను. అందరూ తలలూపారు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, లెక్కలు చూసే ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో నాలుగు మడతల కాగితం. జేబులో తిరిగి తిరిగి మడతల దగ్గర చిరుగు పట్టింది. ఒక సరఫరాదారుకు కొన్ని బిల్లులు రెండేసి సార్లు చెల్లిస్తున్నామని అందులో వరుసగా, తేదీలతో సహా రాసి ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘పరిష్కారం దొరకలేదు మేడమ్’ అన్నాడు.

నా మాటను ఆయన అక్షరాలా పాటించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు తరవాత రాబట్టుకున్నాం. ఎనిమిది నెలలు ఆయన ఒంటరిగా మోసిన బరువును మాత్రం నేను తీర్చలేను.

2006లో అలాన్ ములాలీ ఫోర్డ్ కార్ల కంపెనీకి అధిపతిగా వచ్చాడు. ఆ ఏడాది కంపెనీకి 1,200 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అయినా వారం వారం జరిగే సమావేశంలో అధికారుల పట్టికలన్నీ ఆకుపచ్చగానే ఉండేవి, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి ఒక కొత్త కారు విషయంలో ఎరుపు చూపించాడు. ఇక ఆయన ఉద్యోగం పోయినట్టేనని గదిలో ఉన్నవాళ్లు అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టాడు. ఎవరు సాయపడగలరని అడిగాడు. ఆ తరవాతి వారాల్లో మిగతావాళ్ల పట్టికల్లోనూ రంగులు మారడం మొదలైంది. తరవాత కంపెనీ గట్టెక్కడానికి అంతకుముందే తెచ్చిన భారీ అప్పు కూడా కారణమే, అంతా ఆ చప్పట్ల మహిమ అనను. కానీ నిజం తెలియనిదే ఎంత అప్పు తెచ్చినా ఏం లాభం?

అందుకే మొదటి నెలంతా వినడానికే కేటాయించు. ఒక్కొక్కరితో విడిగా, తలుపు వేసి, ఫోను పక్కన పెట్టి కూర్చో. ‘నీ పనికి ఏది అడ్డుపడుతోంది?’ అని అడిగి ఊరుకో. మొదటి జవాబు మర్యాదకు చెప్పేది. కాసేపు మౌనంగా ఉంటే రెండోది వస్తుంది, అది రాసుకో. వాళ్లు చెప్పినవాటిలో ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, వారంలోగా సరిచెయ్యి. ఎవరైనా నీ నిర్ణయం తప్పని చెబితే, అది నిజమైతే, అందరి ముందూ మార్చుకుని ఎవరి మాటవల్ల మార్చుకున్నావో వాళ్ల పేరు చెప్పు.

ఇంకొక్క మాట. జనాన్ని ఉత్సాహపరిచే నేర్పు నీకు పుట్టుకతోనే ఉంది. దాన్ని చూసే నాకు కాస్త భయం. ఆ నేర్పు స్వార్థపరుల దగ్గరా ఉంటుంది. నీ మాట విని రాత్రిదాకా పనిచేసినవాళ్లకు దానివల్ల ఏం దక్కిందో నెలకోసారి నిన్ను నువ్వే అడుగు.

సోమవారం రాత్రి ఫోన్ చెయ్యి. నువ్వేం మాట్లాడావో వద్దు, ఎవరేం చెప్పారో చెప్పు.

అత్తయ్య