కొత్త ఎపిసోడ్ వచ్చిన వారం: అల్లుడికి మావయ్య ఉత్తరం

అల్లుడూ,

బెంగళూరు మారతహళ్ళిలో నీ గదికి ఏడెనిమిది మందిని పిలిచి, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట రూళ్ళ మీద నడిచే నెట్ కామిక్ ‘ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’ కొత్త ఎపిసోడ్ మీద మాట్లాడుకుందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ ఆరుగురు చాలు. ఏడో మనిషి వచ్చాడంటే గది రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క కథలో ఉంటే, రెండోది అప్రైజల్ గొడవలో ఉంటుంది.

“ప్రతి ఆదివారం” అని మాత్రం మాటివ్వకు. ఈ కామిక్‌కి వారం వర్జ్యం లేవు, వచ్చినప్పుడే వస్తుంది. సైట్‌లో కొత్తది రాగానే కబురు చెప్పే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఉంది, దాన్ని ఫోన్‌లో పెట్టుకో. ఎపిసోడ్ వచ్చాక రెండు రోజులు వదిలేసి, ఆ తర్వాతి ఆదివారం ఉదయం పదికి పెట్టుకో. ఆ వేళకి రింగ్ రోడ్డు కాస్త కనికరిస్తుంది. వాట్సాప్‌లో ఎపిసోడ్ నంబరు, లింకు తప్ప ఇంకేమీ పడకూడదు. ఏడుపు బొమ్మ ఒక్కటి పెట్టినా ఎవరో పోయారని అందరికీ తెలిసిపోతుంది. స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. దీన్ని రాసి గీసే రిచ్ బర్లూ 2003 నుంచీ దీన్ని ఉచితంగానే పెడుతున్నాడు, ఆదాయం పుస్తకాల మీద. ప్రతులు అయిపోయిన సంపుటాలను మళ్ళీ వెయ్యడానికి 2012లో చందాలు అడిగితే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయంటే ఆ పాఠకులు ఎలాంటివాళ్ళో చూడు. మనం చెయ్యగలిగిందల్లా లింకు పంపడమే.

కబ్బన్ పార్కులో కూర్చుందామని ఎవరో ఒకరు అంటారు. ఎండలో ఫోన్ తెర కనపడదు. దర్శినిలో అయితే నిలబడే బల్లలు, పక్కన కాఫీ పట్టుకుని నీ చోటు కోసం కాచుకున్న మనిషి. గదే మేలు. టీవీకి లాప్‌టాప్ తగిలించి, బ్రౌజర్ 150 శాతానికి పెంచు. మౌస్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. నలుగురి చేతుల్లో తిరిగితే పేజీ పైకీ కిందికీ ఊగుతుంది, ఎవరు ఏ గడి గురించి మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియదు.

ఇక అసలు విషయం. ఇలాంటి చర్చ చెడేది మనుషులకి తెలియక కాదు, మూడు రకాల మాటలు కలిసిపోయి. పేజీలో ఏముందన్నది ఒకటి, ఆట రూలు ఏమంటుందన్నది ఇంకొకటి, ముందు ఏం జరుగుతుందన్న ఊహ మూడోది. ఈ వరసలోనే నడిపించు. గంటన్నర అనుకుంటే మొదటి పది నిమిషాలు అందరూ నోరు మూసుకుని చదవాలి, అదీ రెండుసార్లు. మొదటిసారి మాటలు, రెండోసారి బొమ్మలు. అవి పుల్లబొమ్మలు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. గీతలు తక్కువ కాబట్టే ఉన్న ప్రతి గీతకీ పని ఉంటుంది. ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది, ఎవరు ఎటు చూస్తున్నారు, కిందటి గడిలో ఉన్న మనిషి ఈ గడిలో ఎందుకు లేడు? ఈ దశలో “బహుశా” అన్నవాణ్ణి ఆపెయ్, వాడి వంతు తర్వాత వస్తుంది.

రూళ్ళ దగ్గరే ఎక్కువ రభస. ఈ కథ నడిచేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్ మీద. మొదటి ఎపిసోడ్‌లోనే పాత్రలన్నీ అందులోకి మారతాయి. నీ గదికి వచ్చేవాళ్ళు మాత్రం 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఆడినవాళ్ళో, దాని వీడియోలు చూసినవాళ్ళో అయ్యుంటారు. దెబ్బతిని పడిపోయిన పాత్ర చచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే చూడు. ఐదులో అయితే డెత్ సేవ్‌లని పాచిక వేసి చూస్తారు, మూడు గెలిస్తే బతుకు, మూడు ఓడితే చావు. 3.5లో ఆ లెక్కే లేదు. హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం లెక్క, మైనస్ 1 నుంచి మైనస్ 9 దాకా ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది, మైనస్ 10కి పోతుంది. ప్రతి రౌండులో నిలదొక్కుకునే అవకాశం 10 శాతం, లేదంటే ఒక పాయింటు కారిపోతుంది. రౌండంటే ఆరు సెకన్లు. అంటే మైనస్ 1లో పడినవాడికి ఎవరూ సాయం రాకపోతే, తనంతట తాను నిలదొక్కుకోకపోతే ఉన్న గడువు 54 సెకన్లు. ఈ లెక్క తెలిసినవాడు గడులు లెక్కపెట్టుకుంటూ చదువుతాడు.

చచ్చినవాణ్ణి లేపడం కూడా అంతే. ఐదులో రెయిజ్ డెడ్ అనే మంత్రానికి 500 బంగారు నాణేల వజ్రం చాలు, చచ్చి పది రోజులు దాటకూడదు. 3.5లో 5,000 నాణేల వజ్రం కావాలి, గడువు ఆ మంత్రం వేసే క్లెరిక్ (దేవుడి బలంతో మంత్రాలు వేసే పాత్ర) ఎక్కిన లెవెల్‌కి ఒక రోజు చొప్పున, పైగా లేచినవాడు ఒక లెవెల్ పోగొట్టుకుంటాడు. “డబ్బుంది కదా, లేపేస్తారులే” అనే ముందు ఏ పుస్తకం లెక్క చెబుతున్నాడో అడుగు. 3.5 రూళ్ళలో ముఖ్యమైనవన్నీ ఎస్‌ఆర్‌డీ పేరుతో నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పక్క ట్యాబ్‌లో తెరిచి ఉంచు. అందులో చూపించలేని మాటని వాదనగా లెక్కపెట్టకు.

“వార్సూవియస్ అందర్నీ టెలిపోర్ట్ చేసేస్తే పోయేదిగా?” కొత్తవాళ్ళు తప్పకుండా అడుగుతారు. నవ్వకు, మంచి ప్రశ్నే. ఆ మాంత్రిక పాత్ర ఎవోకేషన్ అనే మంత్రవిద్యలో ప్రత్యేకత తీసుకుని రెండు విద్యలు వదులుకుంది, అందులో కంజూరేషన్ ఒకటి. టెలిపోర్ట్ ఆ విద్యలోదే.

తెలుగులో మాట్లాడుకోండి గానీ ఆట పదాలని తెలుగు చెయ్యబోకండి. క్లెరిక్‌ని పూజారి అన్నావంటే, వాడు కవచం తొడిగి సుత్తితో కొడుతున్నప్పుడు వినేవాడికి బొమ్మ కుదరదు. ఒక్క లిచ్ (చచ్చినా తిరిగే మాంత్రికుడు) దగ్గర మాత్రం మన కథే పనికొస్తుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు లిచ్ ప్రాణం ఫిలాక్టరీ అనే వస్తువులో ఉంటుంది. తేడా ఏమిటంటే, చిలక జోలికి పోకుండా శరీరాన్ని ఎన్నిసార్లు నరికినా ఒకటి నుంచి పది రోజుల్లో మళ్ళీ తయారవుతాడు. ఈ ఒక్క ముక్క చెబితే కథలో విలన్ అయిన లిచ్ జైకాన్ ఎందుకంత నిర్భయంగా తిరుగుతాడో అరనిమిషంలో అర్థమవుతుంది.

ఊహలకి ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, ఎపిసోడ్ నంబరు, ఊహ, దానికి ఆధారమైన పాత ఎపిసోడ్ నంబరు. ఆధారం లేనిది రాయకు. జోస్యాల విషయంలో మాత్రం మనసులో గుర్తున్న మాట నమ్మకుండా పాత పేజీ తెరిచి అక్షరం అక్షరం చదివించు. బెల్కర్ అనే పాత్ర గురించి జోస్యాలు చెప్పే ఒరాకిల్ అన్నది జనం తలా ఒక రకంగా గుర్తుపెట్టుకుంటారు, మెలికంతా ఆ మాటల కూర్పులోనే ఉంటుంది. ఇంకో సంగతి: ఇక్కడ ఎవరూ పాచికలు వెయ్యడం లేదు. “ఇరవై ముఖాల పాచికలో ఇరవై పడే అవకాశం ఐదు శాతమే” అన్న లెక్క ఆటలో చెల్లుతుంది గానీ, రచయిత చేతిలో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇరవై పడుతుంది. రూలు చెప్పేది ఏది కుదురుతుందో మాత్రమే, ఏది జరుగుతుందో కాదు. పాచికల లెక్కతో ఊహలు కట్టేవాడు ఎప్పుడూ ఓడిపోయి అలుగుతాడు.

కొత్తగా చేరేవాడికి 1,300 దాటిన ఎపిసోడ్లన్నీ చదివి రమ్మనకు, పారిపోతాడు. మొదటి 120 చదివి రమ్మను, ఆ నేలమాళిగ కథ అక్కడికి ఒక కొలిక్కి వస్తుంది. వాడు వచ్చిన రోజున కొత్త ఎపిసోడ్ పక్కనపెట్టి వాటి మీదే మాట్లాడండి.

మసాలా పూరి చివర్లోనే తెప్పించు. ముందే తెప్పిస్తే ఆ పులుసు చేతులతో ముట్టుకునేది నీ లాప్‌టాప్‌నే.

మీ
మావయ్య