చెరువులో పుట్టే చేపను కాపాడు అల్లుడా

చిరంజీవి అల్లునికి మేనమామ ఆశీర్వదించి రాయునది.

మత్స్య సహకార సంఘానికి నిన్ను అధ్యక్షుణ్ణి చేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. మొన్న నువ్వు ఫోన్ చేసి, "మామా, ఈసారి ప్రభుత్వం నుంచి చేపపిల్లలు ఎన్ని అడగాలి? ఎట్లా అడిగితే ఎక్కువ ఇస్తారు?" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మాటలు గాలికి పోతాయని కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు, మన సంఘంలో చదువురాని పెద్దలకు కూడా చదివి వినిపించు.

నీ ప్రశ్నకు జవాబు తర్వాత చెప్తాను. ముందు ఒక సంగతి పట్టుకో. మన చెరువులో చేపలు రెండు రకాలు. పోస్తే పెరిగేవి కొన్ని, తమంతట తామే పుట్టేవి కొన్ని. పదేళ్లుగా మనవాళ్ల చూపంతా పోసే చేప మీదే ఉంది. లారీ ఎప్పుడు వస్తుంది, ఎన్ని సంచులు దింపుతారు అన్నదే మాట. పుట్టే చేపను పట్టించుకునే నాథుడు లేడు. నువ్వు మొదట దాని సంగతి చూడాలి.

పోసే చేపలంటే బొచ్చె, రవ్వ, మ్రిగాల. అవి మన చెరువులో బతుకుతాయి, బరువెక్కుతాయి, కడుపు నిండా గుడ్లు కూడా పెంచుకుంటాయి. కానీ నిలిచిన నీళ్లలో ఆ గుడ్లు వదలవు. వాటికి నది కావాలి, వరద కావాలి. పూర్వం నదుల్లో పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో పోసేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ విద్యతోనే చేపపిల్లలను పుట్టించే హేచరీలు నిలబడ్డాయి, 2016లో మన తెలంగాణలో సంఘాలకు ఉచితంగా పిల్లలను పోసే పథకం కూడా మొదలైంది. కాబట్టి బొచ్చె, రవ్వ విషయంలో తల్లి చేపను మిగల్చాలన్న బెంగ నీకు అక్కర్లేదు. అవి పంట లాంటివి. ఎదిగినవి ఎదిగినట్టు పట్టి అమ్ము.

తమంతట తామే పుట్టే కొర్రమట్ట, జెల్ల, పరక, వాలుగ, మన నాటు మార్పు చేప అట్లా కాదు. వీటి పిల్లలతో మన చెరువుకు లారీ రాదు. వానలు పడగానే గడ్డి మొలిచిన తక్కువ నీళ్లలోకో, వాగులోకో ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఈ ఏడు తల్లిని తింటే వచ్చే ఏడు పిల్ల ఉండదు. లెక్క అంతే. సంతలో బొచ్చె కిలో ఎంత, బతికున్న కొర్రమట్ట కిలో ఎంత నీకే తెలుసు. ధర పలికే చేప పైసా ఖర్చు లేకుండా మన చెరువులో పుడుతుంటే, దాని తల్లిని మనమే జూన్ నెలలో కోసి అమ్ముకుంటున్నాం.

ఎందుకు జూన్ అన్నానంటే, మృగశిర కార్తె. ఆ రోజు చేప తినని ఇల్లు తెలంగాణలో అరుదు. ఏడాదిలో మనకు గిరాకీ ఉండే రోజు అది, దాన్ని వదులుకొమ్మని నేను చెప్పను. కానీ సరిగ్గా అప్పుడే కొర్రమట్ట, జెల్ల, వాలుగ గుడ్ల మీద ఉంటాయి. అందుకే మృగశిరకు బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటి పోసిన చేపలు అమ్ము. నీళ్లు దిగిన చెరువులో వలకు వచ్చేవి ఎట్లాగూ అవే ఎక్కువ. నాలుగు వేళ్లు సులువుగా దూరే కన్ను ఉన్న వలలే దించనియ్. వాటిలో కొర్రమట్ట పడితే కడుపు చూడు. ఉబ్బి మెత్తగా ఉంటే నీళ్లలోకి వదిలెయ్. అరకిలో లోపుదైతే కడుపు చూడాల్సిన పని కూడా లేదు, వదిలెయ్. దోమతెర గుడ్డతో కుట్టిన వలను మాత్రం చెరువు దరిదాపుల్లోకి రానియ్యకు. అందులో పడ్డ పిల్ల కూరకూ రాదు, అమ్మకానికీ రాదు, ఎండబెట్టి చారెడు చేస్తారు.

కొర్రమట్ట పిల్లలను కాయడం నువ్వు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? ఈసారి తొలి వానల తర్వాత పొద్దున్నే చెరువు లోపలి శిఖం భూమి వైపు గడ్డిలోకి వెళ్లి, నీడ నీళ్ల మీద పడకుండా కూర్చో. ఆడ, మగ రెండూ కలిసి గడ్డిని పక్కకు తోసి గుండ్రంగా జాగా చేసుకుంటాయి. గుడ్లు పసుపుపచ్చగా నీళ్ల మీద తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు బయటికి వస్తాయి. వారం పది రోజులకు ఎర్రటి పిల్లల గుంపు ఎర్రమట్టి ముద్ద కరిగి కదులుతున్నట్టు తిరుగుతుంటుంది. గాలి పీల్చడానికి గుంపంతా పైకి వచ్చినప్పుడు నీటి మీద సన్నగా చిటపటమని బుడగలు లేస్తాయి. కింద చేతికందే లోతులోనే తల్లీ తండ్రీ ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా మీద పడతాయి.

మన కుర్రాళ్లు ఆ ఎరుపును చూసే గాలం వేస్తారు. కప్పను గుచ్చి గుంపు మీద ఆడిస్తే, ఆకలి లేకపోయినా పిల్లల మీది ప్రేమతో తల్లి వచ్చి కరుస్తుంది. దాన్ని లాగేస్తే సాయంత్రానికి ఆ గుంపులో పిల్ల మిగలదు, జెల్లలూ కొంగలూ తినేస్తాయి. ఒక్క చేప కోసం వందల చేపలు పోతాయి. ఇది పాపమని చెప్తే కుర్రాళ్లు వినకపోవచ్చు. ఒక్కో పిల్ల ఏడాది తిరిగేసరికి ఎంత బరువు తూగుతుందో, సంతలో ఎంత పలుకుతుందో లెక్క కట్టి చూపించు, వింటారు. గుంపు కనబడ్డ చోట కర్ర పాతి గుడ్డ కట్టమను. ఆ గుడ్డ ఉన్నచోట నెల రోజులు గాలం గానీ వల గానీ పడకూడదని సంఘంలో తీర్మానం చెయ్.

మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొంగి పోయే చోటు, దాని సంగతి ఇంకా ముఖ్యం. మత్తడి దూకే రోజు ఊరంతా పండుగే, చేపల కోసం సంచులు పట్టుకుని వస్తారు. కిందికి కొట్టుకుపోయిన చేపను పట్టుకుంటే పట్టుకోనియ్, అది తిరిగి మన చెరువుకు రావడం కష్టం. కానీ పైన వాగు చెరువులో కలిసేచోట మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు, పెట్టి, ఎదురెక్కే చేపను పట్టడం మాత్రం ఆపాలి. ఎదురెక్కే చేపంటే గుడ్లతో ఉన్న చేప. జూన్ నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా వాగు ముఖంలో మావు, వల, గాలం ఏవీ వద్దు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నారు కదా. అక్కడ ప్రభుత్వం భృతి ఇస్తుంది, మనకు ఇచ్చేవారు లేరు. అందుకని వేసవి పట్టుబడిలో కొంత సొమ్ము పక్కన పెట్టి, వాగు మీదే బతికే ఆ నాలుగైదు ఇళ్లకు ఆ రెండు నెలలు సంఘమే ఇవ్వాలి. వాళ్ల పొయ్యి వెలగకుండా నువ్వు ఎంత మంచి తీర్మానం చేసినా రాత్రిపూట మావు పడుతుంది. వాళ్లను తప్పు పట్టలేం.

బ్లీచింగ్ పొడి, కరెంటు, తూటాలు వాడేవాళ్లతో మాత్రం మెత్తగా ఉండకు. తూటా పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టంలోనే నేరం. మన బంధువైనా సరే సభ్యత్వం రద్దు చెయ్. విషం కలిపిన మడుగులో గుడ్డు నుంచి తల్లి దాకా ఏదీ మిగలదు.

ఇప్పుడు నువ్వు అడిగిన పిల్లల సంగతి. ఎన్ని ఇస్తారు అని కాదు, ఎంత పొడవున్నవి ఇస్తారు అని అడుగు. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, ఎండిపోయే వాటికి 35 నుంచి 40 మిల్లీమీటర్లవి పోయాలని పథకంలో ఉంది. మనది కాకతీయుల నాటి చెరువు, ఎండదు. పెద్ద పిల్లలే మన హక్కు. మన పక్క ఊరికి ఒక కాంట్రాక్టరు గోరంత పిల్లలు తెచ్చి, మధ్యాహ్నం ఎండలో కట్ట మీది నుంచే కుమ్మరించి, లక్షల లెక్కకు సంతకం తీసుకుపోయాడు. నువ్వు సంతకం పెట్టేముందు నాలుగు సంచులు నీ ఇష్టమొచ్చినవి విప్పించు. గిన్నెతో కొలిచి లెక్కపెట్టు, పది పిల్లలను తీసి స్కేలు మీద పెట్టు. తక్కువైతే తక్కువే రాయి.

దింపుకునేది పొద్దున్నే గానీ చల్లబడ్డాక గానీ. సంచి విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్లలో తేలనియ్. తర్వాత మూతి విప్పి కొద్దికొద్దిగా చెరువు నీళ్లు లోపలికి పట్టు. పిల్ల తనంతట తాను ఈదుకుంటూ బయటికి రావాలి. నీటి వేడిలో తేడా ఉంటే అప్పుడు బాగానే కనబడ్డ పిల్ల కూడా మర్నాటికి అడుగున పడి ఉంటుంది. తేలకపోతే చావు మన కళ్లకు కనబడదు కూడా.

మనవాళ్లలో కొందరు, కొర్రమట్టలే పోసిన పిల్లలను తింటున్నాయి, వాటిని ఖాళీ చేస్తేనే మంచిదని అంటారు. తింటాయి, నిజమే. దానికి మందు కొర్రమట్టను చంపడం కాదు. పిల్లలను గడ్డి దగ్గర పోయకుండా తెప్ప మీద తీసుకెళ్లి నడిమి లోతులో పోయండి. చిన్నవే వస్తే చెరువులోనే నైలాన్ తెరతో మడికట్టి, తవుడు, గానుగ చెక్క వేసి వేలెడు పొడవయ్యేదాకా పెంచి వదలండి. కొంచెం శ్రమ, కానీ రెండు చేపలూ దక్కుతాయి.

సంచుల్లో ఆఫ్రికా మార్పు పిల్లలు కలిశాయేమో కూడా చూడు. 2000లోనే కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా ఊళ్ల పక్కన గుంతల్లో కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్నారు, పెద్ద వానకు గుంత పొంగితే అది మన చెరువులోకి వస్తుంది. దొరికిందల్లా తింటుంది, గాలి పీలుస్తుంది గనుక ఎక్కడైనా బతుకుతుంది. అది వలలో పడితే ఎంత చిన్నదైనా తిరిగి వదలకు. చుట్టుపక్కల అట్లాంటి గుంత ఉంటే మత్స్య శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. జిలేబి కూడా అంతే, నోట్లో పిల్లలను దాచుకుని ఏడాదిలో ఎన్నోసార్లు పిల్లలు పెట్టి చెరువంతా చిన్న చేపతో నింపేస్తుంది. పట్టిందల్లా అమ్మెయ్.

నీళ్ల విషయంలో ఆయకట్టు రైతులతో తగవు పెట్టుకోకు. వాళ్లూ మనవాళ్లే. కానీ యాసంగి మొదట్లోనే కూర్చుని, తూము కింది మట్టానికి వచ్చాక మోటార్లు పెట్టి మడుగు తోడకూడదని మాట తీసుకో. ఆ మడుగులో మిగిలే చేపలే వానకు గుడ్లు పెట్టేవి. పురుగుమందు కొట్టిన డబ్బాలు చెరువులో కడగొద్దని కూడా చెప్పు. వాళ్ల బర్రెలు తాగేది ఆ నీళ్లే గనుక అర్థం చేసుకుంటారు. వినాయకుల నిమజ్జనానికి ఒక మూల చూపించి, మిగిలిన చెక్కలు, రంగు బొమ్మలు మర్నాడే తీయించు.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గాక తెల్లవారుజామున ఒకసారి కట్ట మీదికి వెళ్లు. మబ్బు పట్టి గాలి లేని రోజైతే తప్పక వెళ్లు. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయిందన్నమాట. ఎండ వచ్చాక సర్దుకుంటుందిలే అని ఊరుకోకు. మోటారు పెట్టి నీటిని పైకి చిమ్మించు, ఆ రోజే కొంత చేప పట్టి ఒత్తిడి తగ్గించు.

పట్టిన చేప సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. వ్యాపారి వస్తాడో రాడో తెలియకుండా వల లాగి, కట్ట మీద ఎండలో కుప్ప పోసి, చేప గంటసేపు కొట్టుకుని చస్తుంటే బీడీ తాగుతూ కూర్చోవడం మనవాళ్లకు అలవాటైపోయింది. నాకు అది చూడబుద్ధి కాదు. దానికి గొంతు లేదు గనుక యాతన మనకు వినపడదు. వ్యాపారితో మాట అయ్యాకే వల దించు. మంచు ముందే తెప్పించు, కిలో చేపకు కిలో మంచు లెక్క. డ్రమ్ములో మంచూ నీళ్లూ కలిపి ఉంచి, చేప పైకి రాగానే తల మీద ఒక్క దెబ్బ వేసి అందులో వెయ్యండి. యాతన తగ్గుతుంది, మాంసం గట్టిగా ఉంటుంది, సాయంత్రం దాకా ధర పడిపోదు.

కొర్రమట్టను బతికుండగా పట్నం పంపేటప్పుడు డ్రమ్ము మూతి దాకా కుక్కకు. నీళ్లున్నాయిగా అనుకుంటారు. అది మధ్యమధ్య తల పైకెత్తి గాలి పీల్చాలి, ఆ సందు లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్లు తక్కువ, పైన ఖాళీ ఎక్కువ ఉండాలి. మూతకు తూట్లు పెట్టించు. బస్సులో వేస్తే నీడ వైపు పెట్టించు.

ఇక దళారి. నువ్వు అధ్యక్షుడివయ్యావని తెలియగానే ఎవడో ఒకడు అడ్వాన్సు పట్టుకుని వస్తాడు. చెరువంతా నాకు ఒప్పజెప్పు, మీరు ఇంట్లో కూర్చోండి అంటాడు. ఒప్పుకోకు. వాడికి ఒక్క ఏడాదే కావాలి. గుడ్ల చేప, పిల్ల చేప, మడుగులోది, వాగులోది ఊడ్చుకుపోతాడు. మరుసటేడు మన పిల్లలు చెరువు దగ్గరికి వెళ్తే పరక కూడా మిగలదు. అప్పు అవసరమైన సభ్యులుంటే సంఘం పొదుపులోంచి సర్దు.

మృగశిరకు ఇంకా మూడు వారాలుంది. వచ్చే ఆదివారమే సమావేశం పెట్టు. వాగు ముఖం మూసే తీర్మానం, వల కన్ను తీర్మానం, పిల్లల గుంపు చుట్టూ గుడ్డ కట్టే తీర్మానం, ఈ మూడూ రాసి అందరి చేత వేలిముద్రలు, సంతకాలు పెట్టించు. ఒక నకలు పంచాయతీలో ఇవ్వు, ఒకటి మత్స్య శాఖ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకో. వాగు దగ్గర ఇళ్లవాళ్లతో సమావేశానికి ముందు రోజే విడిగా మాట్లాడు, నలుగురిలో మొదటిసారి వింటే వాళ్లకు కోపం వస్తుంది. లెక్కల పుస్తకంలో బొచ్చె, రవ్వ ఒక పేజీలో, కొర్రమట్ట, జెల్ల ఇంకో పేజీలో విడివిడిగా రాయించు. వానలు తగ్గాక నేను వచ్చినప్పుడు ఆ రెండో పేజీ చూస్తాను.

మీ అమ్మకు, కోడలికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు
నీ మేనమామ