హైవే పక్కన ఛార్జింగ్ పాయింటు పెడుతున్న అల్లుడికి

కర్నూలు

అల్లుడికి మామ ఆశీస్సులు.

వెల్దుర్తి దాటినాక మీ హోటలుకు ఆనుకొని కార్లకు ఛార్జింగ్ పాయింటు పెడుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. రేటు ఎంత పెట్టాలో మామను అడగమన్నావంట. ఉద్యోగమంతా కరెంటు ఆఫీసులో గడిచింది, ఇప్పుడు నేను నడిపే కారు కూడా కరెంటుదే. అమ్మే వైపూ కొనే వైపూ రెండూ తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మొదట నీకు కరెంటు ఎంతకు పడుతుందో తేల్చుకో. ఛార్జింగ్ స్టేషన్లకు టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది, దానికి వేరే సర్వీసు, వేరే మీటరు తీసుకోవాలి. కేంద్ర విద్యుత్ శాఖ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ కేటగిరీ మూల రేటు సగటు సరఫరా ఖర్చును, అంటే కరెంటు కంపెనీకి ఒక యూనిట్ ఇవ్వడానికి సగటున పడే ఖర్చును, మించకూడదు, 2028 మార్చి 31 దాకా ఇదే పద్ధతి. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఆ సగటులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 రెట్లు ఉండాలని కూడా అందులో ఉంది. మన రాష్ట్రంలో కచ్చితంగా ఎంతనేది మాత్రం కరెంటు రేట్లు ఖాయం చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ, ఏటా ఇచ్చే టారిఫ్ ఆర్డరులోనే చూడాలి. ఆ ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఆర్డరులో ఆ పేజీ ప్రింటు తీసి గల్లాపెట్టె దగ్గర పెట్టుకో. ఎవరో ఫోన్‌లో చెప్పిన రేటు నమ్మి లెక్కలు వేయొద్దు.

లెక్క ఎట్లా వేయాలో చెప్తా. మాట వరుసకు నీకు యూనిట్ 7 రూపాయలకు పడిందనుకో. మీటరులో 100 యూనిట్లు తిరిగితే గన్‌లోంచి, అంటే కారుకు తగిలించే ప్లగ్గులోంచి, కారులోకి పోయేది 95 చుట్టుపక్కలే. మిగతాది ఛార్జరు వేడికి, ఫ్యాన్లకు పోతుంది. అంటే నువ్వు అమ్మే యూనిట్ ఖరీదు 7 రూపాయలు కాదు, 7 రూపాయల 37 పైసలు. దాని మీద బ్యాంకు కంతు, యాప్ కంపెనీ వాటా, రిపేర్లు, కాపలా పిల్లోని జీతం వేసుకొని, నీకింత మిగులు చూసుకొని 16 రూపాయలు అనుకున్నావనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదు, సేవ అని కేంద్రం 2018లోనే తేల్చింది. అందుకే నీకు లైసెన్సు అక్కర్లేదు, అందుకే జీఎస్టీ కట్టాలి. అప్పుడు యూనిట్ 18 రూపాయల 88 పైసలవుతుంది. బోర్డు మీద రాయాల్సింది ఆ 18.88. 16 అని పెద్దక్షరాలతో రాసి, బిల్లులో 18.88 గుంజితే, ఆ మనిషి నీ హోటలు మెట్లు మళ్లీ ఎక్కడు. భోజనానికి 5 శాతం, దీనికి 18 శాతం కాబట్టి బిల్లులు కూడా వేరువేరుగా ఉండాల, ఆడిటరుతో ఒకసారి మాట్లాడు.

నిమిషాల లెక్కన తీసుకుందామా అని అడిగినావంట. వద్దు నాయనా. నువ్వు పెట్టేది 60 కిలోవాట్ల ఛార్జరు. చిన్న కారు ఒకటి వచ్చిందనుకో, దాని బ్యాటరీ 25 కిలోవాట్లకు మించి తీసుకోదు. గంటలో 25 యూనిట్లే ఎక్కుతాయి. నిమిషానికి 10 రూపాయలు అంటే వానికి యూనిట్ 24 రూపాయలు పడింది. పెద్ద కారువాడు అదే గంటలో 60 యూనిట్లు ఎక్కించుకొని యూనిట్ 10 రూపాయలకే పోతాడు. చిన్న బండివాని దగ్గర తీసుకొని పెద్ద బండివానికి పెట్టినట్టవుతుంది. పైగా రెండు గన్లకూ రెండు కార్లు తగిలిస్తే ఆ 60 రెండుగా పంచుకుంటాయి, ఎండ ముదిరితే వేడికి ఛార్జరు తానే తగ్గించుకుంటుంది. అందులో వాళ్ల తప్పేముంది? యూనిట్‌కే రేటు పెట్టు. రెండు కార్లు ఉంటే సగం సగమే వస్తుందన్న మాట బోర్డు మీద రాసి పెట్టు.

పగటి పూట రేటు తగ్గించు. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మన జిల్లా వాళ్లందరం చూసినదే. మధ్యాహ్నం పూట కరెంటు దండిగా ఉంటుంది, చీకటి పడినాకే కొరత. నీ టారిఫ్‌లో పగటికి తగ్గింపు వస్తే దాన్ని నీ దగ్గరే ఉంచుకోక కార్లవాళ్లకూ పంచు. పొద్దున హైదరాబాదులో బయలుదేరినవాళ్లు నీ దగ్గరికి వచ్చేది ఎట్లాగూ ఆ వేళకే. పగలొక రేటు, రాత్రొక రేటు, అంతకు మించి మూడో రేటు ఉండకూడదు. సంక్రాంతికి, దసరాకు రద్దీ చూసి పెంచొద్దు. ఆ రోజుల్లో పిల్లాజెల్లాతో ఊర్లకు పోయేవాళ్లు వేరే దారి లేక నీ దగ్గర ఆగుతారు. దారి లేనివాని దగ్గర ఎక్కువ తీసుకోవడం నాకు నచ్చదు, మీ తాత బతికుంటే ఆయన అసలే ఒప్పుకునేవాడు కాదు.

భోజనం చేసినవాళ్లకు ఛార్జింగ్ ఫ్రీ అని పెడదామనుకుంటున్నావని కూడా విన్నా. పెట్టొద్దు. ఫ్రీ అంటే ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోగలిగిన కర్నూలువాళ్లు కూడా వచ్చి మధ్యాహ్నమంతా తగిలించి కూర్చుంటారు. బెంగళూరు నుంచి వచ్చి బ్యాటరీ ఐదు శాతం మిగిలినవాడు రోడ్డు పక్కన ఎండలో నిలబడాల్సి వస్తుంది. కావాలంటే ఛార్జింగ్ పెట్టినవాళ్లకు టీ ఫ్రీగా ఇవ్వు. అట్లనే తినకపోయినా సరే, వాళ్లకు మంచినీళ్లు, బాత్‌రూము అడగకుండానే చూపించమను. ఆడవాళ్లు, ముసలివాళ్లు అరగంట కారులోనే కూర్చోవాలంటే కష్టం.

ఇంక అసలు సంగతి. నీ దగ్గర కరువయ్యేది కరెంటు కాదు, గన్. రెండే గన్లు, వచ్చేవాళ్లు పదిమంది. బ్యాటరీ 80 శాతం దాటినాక కరెంటు తీసుకోవడం బాగా తగ్గిస్తుంది. 20 నుంచి 80 దాకా పోవడానికి ఎంత సేపో, ఆ చివరి ఇరవైకి కూడా దాదాపు అంతే పట్టే బండ్లు ఉన్నాయి. కాబట్టి వెనుక ఎవరైనా ఎదురుచూస్తా ఉంటే 80 దగ్గర తీసేయమని అడుగు. ఎవరూ లేకుంటే నూరు దాకా పెట్టుకోనీ, నీకేం నష్టం లేదు. ఇందులో కూడా మనిషిని చూసి నడుచుకోవాల. అనంతపురం వైపు నుంచి వచ్చి కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేవానికి అడవి, ఘాటు రోడ్డు ఉన్నాయి. వానికి 90 కావాలంటే ఇవ్వు. వెనుకున్నవానికి ఆ సంగతి నువ్వే పోయి చెప్పు. చెప్తే ఎవరైనా ఒప్పుకుంటారు, చెప్పకపోతేనే కొట్లాట.

ఛార్జింగ్ అయిపోయినా బండి తీయనివాని దగ్గర నిమిషానికి ఇంతని తీసుకో, తప్పు లేదు. పది నిమిషాలు గడువివ్వు, ముందే ఫోన్ చేయించు. ఇందుకోసం బండి పెట్టేటప్పుడే పిల్లోడు ఫోన్ నంబరు రాసుకోవాల. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకో. ఉగ్గాని, బజ్జీ చెప్పి కూర్చున్నవానికి మీ వంటింట్లో ఆలస్యమై ప్లేటు ముందుకు రాకుండానే ఫుల్ ఛార్జ్ అయిపోతే, ఆ డబ్బు తీసుకోకూడదు. ఆ ఆలస్యం మీది. ఛార్జింగ్ పెట్టినవాళ్ల టేబుల్‌కు ముందు వడ్డించమని మాస్టరుకు చెప్పిపెట్టు. ఆ వసూలు మీద లాభం చూసుకోవద్దు, నెలాఖరుకు ఆ పద్దు సున్నా అయితే పాయింటు బాగా నడుస్తున్నట్టు. ఎవరి గన్నూ వాళ్లను అడగకుండా పీకొద్దు.

పెట్రోలు బండ్లు ఆ స్థలంలో నిలబడకుండా చూడటం అన్నిటికంటే కష్టం. ఆదివారం మధ్యాహ్నం మన ఊరి పెద్దమనుషులే నేరుగా తెచ్చి అక్కడ ఆపుతారు, తీయమనడానికి నీకు నోరు రాదు. అందుకే ఛార్జరును గుమ్మానికి ఎదురుగా పెట్టొద్దు, పక్కకు, వేపచెట్టు వైపు పెట్టు. గుమ్మం దగ్గర నీడ ఉంటే ఎవరైనా ఆపుతారు, పక్కకైతే పని ఉన్నవాడే పోతాడు. పైన రేకులు వేయించు, మన ఎండలకు ఛార్జరుకూ నీడ కావాల. స్కూటర్లకు, ఆటోలకు గోడకు వేరేగా 16 ఆంప్స్ సాకెట్లు పెట్టి, చిన్న మీటరు తగిలించు. చుట్టుపక్కల ఊర్లవాళ్లకు పనికొస్తుంది, పెద్ద గన్ ఖాళీగా ఉంటుంది.

డబ్బు తీసుకునే పద్ధతి గురించి కూడా చెప్పాల. మొన్న మీ అత్తా నేనూ అనంతపురం పోయి వస్తా ఉంటే ఒక చోట యాప్‌లో 500 వేస్తే గానీ గన్ పనిచేయదన్నారు. వేసినాం. 8 యూనిట్లు ఎక్కి ఆగిపోయింది. మిగతా డబ్బు ఆ యాప్‌లోనే ఉంది, వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. నువ్వు అట్లా చేయొద్దు. ఎక్కినన్ని యూనిట్లకే డబ్బు, ఫోన్‌పే అయినా నోట్లయినా తీసుకో. మధ్యలో ఆగిపోతే అక్కడికక్కడే లెక్క తేల్చి పంపు. యాప్ కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ మాట రాయించుకో.

రెండు జాగ్రత్తలు. మన రాతి నేలలో ఎర్తింగ్ నిలవదు. ఉప్పు, బొగ్గు వేసి పిట్ లోతుగా తీయించు, ఎండాకాలం నీళ్లు పోయించు. ఎర్తింగ్ సరిగా లేకుంటే చానా కార్లు ఛార్జింగే తీసుకోవు, నీ ఛార్జరు చెడిపోయిందని పేరొస్తుంది. రెండోది, ఈ సర్వీసు మీద హోటలు ఫ్రిజ్ గానీ, ఏసీ గానీ తగిలించావా, విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద టారిఫ్‌కు రెండింతలు లెక్కగట్టి వసూలు చేస్తారు. ఒక్క బల్బు కూడా వద్దు.

కరెంటోళ్ల ఏఈ ఆఫీసులో అప్లికేషన్ ఇచ్చినాక రసీదు ఫోటో తీసి నాకు పంపు. ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేటు చేతికొచ్చినాక డబ్బు కట్టకముందే ఫోన్ చేయి, లోడు ఎంత రాసినారో చూసి చెప్తా. బావను, అక్కను అడిగినానని చెప్పు.

మీ మామ